రక్తము నడుగని మందు

మన్యపు జ్వరములను గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల మన పట్టణములలోని చదువుకొన్నవారి నోట వినవచ్చు మాట యొకటి కలదు. "అడవిలోనివారికి తెలివి లేదు, సంచి తగిలించుకొని మోటారు సైకిలు మీద వచ్చిన ఆర్.ఎం.పి. చేత సూది పొడిపించుకొందురు, అందుచేతనే మందులు పనిచేయకుండ పోవుచున్నవి" అని. ఖమ్మమునుండి భద్రాచలమువరకును, ఆపైన దుమ్ముగూడెము, చర్ల, చింతూరు దారులలోను ఇరువది యేండ్లుగా తిరుగుచున్న మేము ఈ మాటను వేయిసార్లు వింటిమి. కొన్నిసార్లు మేమును అంటిమి. ఇప్పుడు అననేరము. ఏలయన ఈ విషయమున కోయగూడెము మన పట్టణపు మేడకంటె ఒక యడుగు ముందే యున్నదని మాకు తోచుచున్నది. ఈ మాట కొందరికి వింతగా నుండును, కొందరికి కోపము కలిగించును. చదివిన తరువాత కోపపడుడని మనవి.

గూడెములో నొకనికి చలిజ్వరము వచ్చినదనుకొందము. ఆశా కార్యకర్త వచ్చి, వ్రేలికొన గ్రుచ్చి, ఒక బొట్టు రక్తము తీసి, చిన్న పట్టీమీద వేసి, పావుగంటసేపు వేచియుండును. గీత కనబడినచో మలేరియా మందు. కనబడకున్న ఆ మందు లేదు. 1897వ సంవత్సరము ఆగస్టు నెలలో సికింద్రాబాదున రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచిన నాటినుండి మెల్లమెల్లగా కుదిరిన యలవాటిది. మెల్లమెల్లగా అనుటకు కారణము కలదు. చాలకాలము మన దేశములో జ్వరము వచ్చిన ప్రతివానికిని, పరీక్ష ఫలితము రాకమునుపే, క్లోరోక్విను బిళ్ళలు పంచిరి. 1973లో అస్సాములో ఆ మందునకు లొంగని మలేరియా కనబడినది. క్రమముగా అది దేశమున పలుతావులకు ప్రాకినది. చేతిలోని మందు చేజారిన తరువాతగాని రక్తము నడిగి మందియ్యవలెనన్న నియమము గట్టిపడలేదు. ఆ నియమము నేడు కాలిబాట తప్ప దారిలేని గూడెములకును చేరినది.

ఇక మన యిండ్లలో జరుగునది చూతము. సాయంకాలము పిల్లవానికి ఒళ్ళు వెచ్చబడును. తండ్రి పట్టభద్రుడు, తల్లి అంతకంటె ఎక్కువ చదివినది. వీధి చివరి మందుల దుకాణములో పేరు చెప్పి అజిత్రోమైసిను మూడు బిళ్ళలు తెత్తురు. రెండవ దినమునను జ్వరము నిలిచియున్నచో డాక్టరువద్దకు పోయి "కొంచెము పవరున్న మందు వ్రాయుడు, ఎల్లుండినుండి పరీక్షలున్నవి" అందురు. ఆయన వ్రాయకున్న ప్రక్కవీధి డాక్టరు వ్రాయును. మూడవ దినమున విడాల్ పరీక్ష. "టైఫాయిడ్ కలిసినది" అను తీర్పు. మంచము, సెలైను సీసా, అందులో సెఫ్ట్రియాక్సోను. ఈ మూడు దినములలో ఆ పిల్లవానికి డెంగ్యూవంటి వైరసు జ్వరమే వచ్చియున్నచో ఒక్క మందునకును పని లేదు. ఇన్ని జరిగినను, బాక్టీరియా యున్నదా, యున్నచో దాని పేరేమి అని రక్తము నడిగినవాడు లేడు.

విడాల్ పరీక్షను గూర్చి ఒక్క మాట. ఫ్రెంచి వైద్యుడైన విడాలు 1896లో ప్రచారమునకు తెచ్చిన ఈ పరీక్ష క్రిమిని చూపదు. క్రిమికి శరీరము చెప్పిన జవాబును మాత్రము చూపును. టైఫాయిడ్ తరచుగా వచ్చు మన ప్రాంతములలో ఆరోగ్యవంతుల రక్తమందును ఆ జవాబు మిగిలియుండవచ్చును. వేరు జ్వరములలోను అది పైకి లేవవచ్చును. ఒక్కసారి చేసిన విడాలును నమ్మి పది దినములు సూదులు పొడుచుట, పెట్టెలో దొరికిన పాత ఉత్తరము చదివి నేడు చుట్టములు వచ్చుచున్నారని వంట చేయుట వంటిది.

రక్తము నడుగుట యననేమో చెప్పవలసియున్నది. ఇది గృహస్థులు తెలిసికొనదగినదే గాని డాక్టర్ల రహస్యము కాదు. బాగుగా శుభ్రపరచిన చర్మమునుండి, రెండు తావులలో వేర్వేరుగా, పెద్దవారికైనచో ఒక్కొక్క సీసాకు ఎనిమిది పది మిల్లీలీటర్ల చొప్పున రక్తము తీసి, క్రిములు పెరుగుటకు తగిన ఆహారద్రవముగల సీసాలలో పోసి, శరీరపు వేడిమిలో నుంచుదురు. క్రిమి యున్నచో సాధారణముగా ఒకటి రెండు దినములలో పెరుగును. దానికి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచి, జాతి నిర్ణయించి, ఏ మందునకు లొంగుచున్నదో ఏ మందునకు లొంగకున్నదో పరీక్షింతురు. దీనినే కల్చరు అందురు. చీటీలో మందు పేరున కెదురుగా 'ఎస్' అని యున్న లొంగునని, 'ఆర్' అని యున్న లొంగదని అర్థము. ఇందులో ముఖ్యమైన నియమ మొకటే: యాంటీబయాటిక్కు మొదటి మోతాదు శరీరములో పడకమునుపే రక్తము తీయవలెను.

అపోహకు తావీయరాదు. రక్తపోటు పడిపోయి, ఊపిరి వేగిరపడి, తెలివి తప్పుచున్న రోగికి కల్చరు ఫలితము వచ్చువరకు మందు ఆపుడని మేము చెప్పుటలేదు. అట్టివానికి గంటలోపల యాంటీబయాటిక్కు పడవలసినదే, ఆలస్యము ప్రాణాంతకము. రక్తము తీయుటకు ఐదు నిమిషములు పట్టును. తీసి, వెంటనే మందు మొదలుపెట్టి, రెండవ మూడవ దినమున ఫలితము చూచి మందును మార్చుటయో, చిన్నదానికి దింపుటయో, అవసరము లేకున్న మానుటయో చేయవలెను. మా ఫిర్యాదు ఆ ఐదు నిమిషములను గూర్చినది.

ఆ ఐదు నిమిషములు పోయిన నేమగునో మన్యపు దారినే చూడవచ్చును. శబరి గోదావరిలో గలియు కూనవరము చెంతనుండి ఒక తునికాకు కూలి జ్వరముతో బయలుదేరినాడనుకొందము. 2014లో ఆ మండలములు ఆంధ్రప్రదేశమున చేరినను రోగి కాళ్ళు భద్రాచలమువైపే నడచును. ఛత్తీస్‌గఢ్‌లోని కుంటవైపు వారును ఇచ్చటికే వత్తురు. బయలుదేరకమునుపే రెండు దినములు ఆర్.ఎం.పి. సూది. నదీతీరమున ఒక చిన్న ఆసుపత్రిలో మరియొక మందు. తగ్గకున్న ఖమ్మము, నూటయిరువది కిలోమీటర్లు. అచ్చట ఇంకొక మందు. అప్పటికిని తగ్గకున్న వరంగల్లో, హైదరాబాదో. ప్రతి మజిలీలోను వెనుకటి మజిలీ చీటీని చూచి, అంతకంటె ఒక మెట్టు పెద్దదానిని ఎక్కింతురు. ఆరవ దినమున, చివరి మజిలీలో, రక్తము తీయుదురు. సీసాలో క్రిమి పెరుగదు. అప్పటికే రక్తమున నున్న మందు సీసాలోని క్రిమిని అణచివేయవచ్చును. ఊపిరితిత్తిలోనో కాలేయములోనో దాగినది మాత్రము అణగదు. "క్రిమి కనబడలేదు" అను చీటీ చేతబట్టుకొని వైద్యుడు ఊహమీద వైద్యము చేయవలసివచ్చును. ఊహ తప్పునేమోనన్న భయము పెరిగినకొలది మందు పెద్దదగును. ఈ యాత్రలో ఆ కూలి చేసిన తప్పేమి? ఆర్.ఎం.పి. నొక్కని విడిచిన, తక్కిన మజిలీలన్నిటను వానికి మందు పెట్టినవారు మనవంటి చదువుకొన్నవారే.

ఇంతవరకు చెప్పినది బయటనుండి వచ్చిన జ్వరము. ఆసుపత్రిలో పుట్టు రక్తవ్యాధి ఇంతకంటె భయంకరమైనది. ఐ.సి.యు.లో పడుకొన్న రోగికి మెడలోని పెద్ద సిరలో ఒక గొట్టము, మూత్రమునకు ఒక గొట్టము, ఊపిరికి ఒక గొట్టము ఉండును. ఇవి ప్రాణము నిలుపు ద్వారములే, క్రిములు ప్రవేశించు ద్వారములును ఇవియే. ఒక మంచమునుండి మరియొక మంచమునకు క్రిమిని మోయునది తరచుగా కడుగని చేయి. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైసు ప్రసూతిశాల వైద్యులచేత చేతులు కడిగించి బాలింతల మరణములను తగ్గించెను. తోడి వైద్యులు ఆయనను మెచ్చుకొనుటకు మారుగా పరిహసించిరి. నేడు పరిహసించువారు లేరు. గోడమీద పటము వ్రేలాడుచునే యుండును. దాని క్రింద కుళాయి యుండునో లేదో చూడవలెను.

మా తల్లిగారి సంగతి చెప్పక తీరదు. ఆమెకు తుంటియెముక విరిగినది. ఒక పట్టణపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగి, మూడవ దినమున ఊపిరి కష్టమై ఐ.సి.యు.లో చేర్చిరి. ఎనిమిదవ దినమున చలితో జ్వరము. వైద్యుడు కల్చరుకు రక్తము తీయుదునన్నాడు. మేము, ఈ వ్యాసము వ్రాయుచున్న మేమే, "పరీక్షలకు తరువాత చూతము, ముందు మీ యొద్దనున్న అన్నిటికంటె పెద్ద మందు పెట్టుడు" అని గట్టిగా పలికితిమి. ఖర్చునకు వెనుదీయమని కూడ చెప్పితిమి. ఆయన పాపము మా మాటకు లోబడెను. రక్తము మరునాడు తీసిరి. నాలుగు దినములకు చీటీ వచ్చినది: క్లెబ్సియెల్లా. మందుల పేర్ల వరుసలో పైనుండి క్రిందివరకు 'ఆర్', 'ఆర్', 'ఆర్'. మేము బలవంతముగా పెట్టించిన పెద్ద మందున కెదురుగా కూడ అదే అక్షరము. పందొమ్మిదవ దినమున ఆమె పోయినది.

తరువాత ఇంటిలో ఆమె మందుల డబ్బా తెరచితిమి. మూడేండ్లలో ఆమెకు వచ్చిన ప్రతి దగ్గునకు, ప్రతి విరేచనమునకు మేము దుకాణమునుండి తెచ్చి యిచ్చిన యాంటీబయాటిక్కుల సగము వాడిన పట్టీలు తొమ్మిది కనబడినవి. ఆమె రక్తమున ప్రవేశించిన క్రిమి ఆ ఆసుపత్రిలోనే పుట్టినదో, మా డబ్బా ఆమె ప్రేవులలో పెంచినదో మేము నిర్ణయింపలేము. నిర్ణయింపలేకపోవుటయే మమ్ము ఈ వ్యాసమునకు కూర్చుండబెట్టినది.

భాషాధ్యాపకులమైనందున ఇచ్చట ఒక పదముతో పోట్లాడవలసియున్నది. పత్రికలవారు ఇంగ్లీషుమాటకు 'నిరోధకత' అని వ్రాయుచున్నారు. 'రోగనిరోధకశక్తి' అను మాటకు అలవాటుపడిన చెవికి ఇది మంచి గుణమువలె వినబడును. "మా అబ్బాయికి యాంటీబయాటిక్ నిరోధకత వచ్చినదట, ఇంకను పెద్దది వ్రాయుడు" అని ఒక తండ్రి డాక్టరుతో చెప్పగా మేము స్వయముగా వింటిమి. నిరోధించుచున్నది అబ్బాయి కాదు, అబ్బాయి ప్రేవులలోని క్రిమి. 'మందునకు లొంగని క్రిమి' అని వ్రాసిన నాలుగక్షరములు ఎక్కువైనను ఇంటింటివారికి అర్థమగును.

లొంగకపోవుట ఎట్లు వచ్చును? మన ప్రేవులలో క్రిములు లెక్కకు మీరి యున్నవి. అందు పెక్కు మనకు మేలు చేయునవే. యాంటీబయాటిక్కు మ్రింగినపుడు రోగము కలిగించునది మాత్రమే చావదు, లొంగునవన్నియు చచ్చును. లొంగనివి ఆ ఖాళీ తావున పెరుగును. అంతటితో పోదు. ఆ గుణమును క్రిములు చిన్న వలయముల రూపమున ప్రక్క క్రిమికి, ఒక్కొక్కప్పుడు వేరుజాతి క్రిమికిగూడ, అందింపగలవు. వీలునామా లేకయే ఆస్తి చేతులు మారుట వంటిది. 2008లో మన దేశమున ఆసుపత్రిలో నుండి స్వీడను దేశమునకు పోయిన యొక రోగి శరీరములో, కార్బపెనెములనెడి మహౌషధములను త్రుంచివేయు గుణముగల క్లెబ్సియెల్లా దొరకెను. ఆ గుణమునకు న్యూఢిల్లీ పేరు పెట్టిరి. 2010లో ఈ సంగతి లాన్సెటు వారి పత్రికలో విస్తారముగా వెలువడినపుడు మన దేశములో పుట్టిన కోలాహల మంతయు ఆ పేరును గూర్చియే. మన రాజధానిని అవమానించిరని పెద్దలు కినుక వహించిరి. మరుసటి యేడు ఢిల్లీ కుళాయినీరు యేబది తావులలో పరీక్షింపగా రెండింట ఆ గుణము కనబడినది. పేరునకు వచ్చిన కోపములో పదియవ వంతైనను నీటికి రాలేదు.

లొంగని క్రిమి రక్తమున చేరినవానికి వైద్యమే లేదా? కలదు, కాని అది పేరు తెలిసిన క్రిమికే. క్రిమి ప్రవేశించిన గొట్టమును తీసివేయుట, చీము చేరినచోటును కనిపెట్టి వెడలించుట మొదటి పని. ఇది చేయక ఎంత మందు పోసినను వ్యర్థము. మెథిసిల్లినునకు లొంగని స్టాఫిలోకోకసు రక్తములో నున్నచో వాంకోమైసినో డాప్టోమైసినో కనీసము పదునాలుగు దినములు ఇయ్యవలెను. గుండె కవాటములనుగూడ పరీక్షింపవలెను. సెఫ్ట్రియాక్సోనునకు లొంగని ఈ.కోలి, క్లెబ్సియెల్లాలకు మెరోపెనెము. ఇందును గూర్చి 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన కలదు. అట్టి రోగులను రెండు తెగలుగా జేసి ఒక తెగకు మెరోపెనెమును, రెండవ తెగకు పైపరాసిల్లిన్ టాజోబాక్టమును ఇచ్చిరి. ముప్పది దినములలో మొదటి తెగలో నూటికి 3.7 మంది, రెండవ తెగలో నూటికి 12.3 మంది మరణించిరి. మెరోపెనెము ఎంత విలువైనదో ఈ రెండంకెలు చెప్పుచున్నవి. అంతటి మందును, రక్తము నడుగకయే, పేరులేని జ్వరములకు మనము ఖర్చుచేయుచున్నాము.

ఆ మెరోపెనెమునకును లొంగని క్రిమికి కోలిస్టిను అను పాత మందు మిగిలినది. మూత్రపిండములను చెరచునని వైద్యులు దానిని దాదాపుగా మూలబెట్టియుండిరి. వేరు గతిలేక మరల తీసిరి. ఇట్లు మనుష్యుల కడపటి మందైన దానిని మన దేశములో కోళ్ళు త్వరగా బలియుటకు మేతలో కలిపి పెట్టుచుండిరి! 2019 జూలైలోగాని ప్రభుత్వమువారు దానిని నిషేధింపలేదు. ఇక న్యూఢిల్లీ పేరిటి గుణముగల క్రిమికి అజ్‌ట్రియోనామును, అవిబాక్టమును కలిపి యిచ్చు పద్ధతి వచ్చినది. ఆ రెంటిని ఒక్కటిగా చేసిన మందునకు 2024లో ఐరోపాలోను, 2025లో అమెరికాలోను అనుమతి లభించినది.

కాని ఎవరికి దొరకును? 2025లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, మన దేశముతో కలిపి ఎనిమిది దేశములలో 2019వ సంవత్సరమున కార్బపెనెములకు లొంగని క్రిముల వలన ఇంచుమించు 15 లక్షల వ్యాధులు సంభవింపగా, వానికి తగిన మందు దొరికినది నూటికి 6.9 మందికే. అదే సంవత్సరమున మందులకు లొంగని క్రిములు సాక్షాత్తుగా కారణమైన మరణములు మన దేశములో 2,97,000 అని అంచనా. అక్కరలేనివానికి వీధి దుకాణములో మందు పొట్లములు పొట్లములుగా దొరకుచున్నది. అక్కరయైనవానికి నూటికి ఏడుగురికైన దొరకుటలేదు. దీనిని మించిన అన్యాయము వైద్యములో వేరొకటి కలదేమో మాకు తెలియదు.

మా వాదమున కెదురువాదములు లేకపోలేదు. మొదటిది: "అడవిలో డాక్టరు లేడు, ఆర్.ఎం.పి. సూదియైనను లేకున్న న్యుమోనియాతో పిల్లలు చావరా?" చత్తురు. అందుచేతనే యాంటీబయాటిక్కులను తాళముపెట్టి దాచుడని మేము చెప్పుట లేదు. ప్రపంచారోగ్యసంస్థవారు 2017లో ఈ మందులను మూడు తెగలుగా విభజించిరి: అందరికి ముందుగా అందవలసినవి, జాగ్రత్తతో వాడవలసినవి, కడపటి యవసరమునకు దాచియుంచవలసినవి. బిడ్డ న్యుమోనియాకు అమాక్సిసిల్లిను వంటి మొదటి తెగ మందు చాలును; అది గూడెములో తప్పక ఉండవలెను. గూడెమువాని సంచిలో సెఫ్ట్రియాక్సోను ఎట్లు చేరినది? పట్టణములో మనము దానిని జ్వరమందుగా చేసితిమి గనుక. ఆర్.ఎం.పి. సొంతబుద్ధితో వైద్యము చేయడు. పట్టణపు చీటీలను చూచి నేర్చుకొనును.

రెండవది: "మందుల కర్మాగారములవారు చెరువులలో కలుపుచుండగా మా మూడు బిళ్ళలా ప్రపంచమును చెరచునది?" ఈ వాదములో బలము కలదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో ఔషధ కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి విడుచు చోట స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షచేసి 2007లో ప్రకటించినదేమన, లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిను 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదని! ఆ మందు మ్రింగిన రోగి రక్తములోగూడ అంత యుండదు. ఇట్టి నీటిలో మందుల పాలునకు హద్దులు విధించుచు 2020 జనవరిలో కేంద్రప్రభుత్వమువారు ముసాయిదా ప్రకటించిరి. 2021లో తుది నియమములు వెలువడునప్పటికి ఆ హద్దులు మాయమైనవి. ఇందును గూర్చి వేరుగా ఒక వ్యాసము వ్రాయదగియున్నది. కాని దొంగ ఊరిలో నున్నాడని మన యింటి దొంగను విడుచుట న్యాయమగునా? కర్మాగారమును అదలించు అధికారము మనకు ఓటు ద్వారమున మాత్రమే కలదు; డబ్బా మూత మన చేతిలోనే యున్నది.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది; చదువుకొన్నవారే దీనిని పలుకుదురు. "శాస్త్రము ఊరకుండునా? క్రొత్త మందు వచ్చును" అని. ఇట్లు పలుకువారు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింతురు. స్మరింపదగినవారే. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన పర్యవేక్షణమున, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడైన డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సూరీ నేలమట్టిలోని ఒక జీవినుండి ఆరియోమైసిను తీసెను. టెట్రాసైక్లినులలో అదియే మొదటిది. 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి. తరువాత జరిగినది మనవారు చెప్పరు. ఆరియోమైసిను తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపిన కోళ్ళు త్వరగా ఎదుగుచున్నవని అదే సంస్థవారు 1950లో ప్రకటించిరి. నాటినుండి ప్రాణరక్షకమైన మందు పశువుల మేతయైనది. పెనిసిల్లినును కనుగొనిన ఫ్లెమింగు 1945 డిసెంబరులో నోబెల్ బహుమానము నందుకొనుచు చేసిన ఉపన్యాసమందే, తక్కువ మోతాదులతో క్రిములకు లొంగకపోవుటను నేర్పుదురేమోనని హెచ్చరించెను. మందులు ఇంకను పసిబిడ్డలుగా నున్నపుడే వచ్చిన హెచ్చరిక యది. క్రొత్త మందునకు మనము ఏ పాత మర్యాద చూపితిమని అది వచ్చి మనలను రక్షించును?

చట్టము లేకపోలేదు. షెడ్యూలు హెచ్ 1 అను నియమము 2014 మార్చి మొదటి తేదినుండి అమలులోనున్నది. సెఫ్ట్రియాక్సోను, మెరోపెనెము మొదలగువానిని డాక్టరు చీటీ లేనిది అమ్మరాదు. వ్రాసిన డాక్టరు పేరును రోగి పేరును పుస్తకములో వ్రాసి మూడేండ్లు ఉంచవలెను. ఆ పుస్తకమును చూపుమని మన సంస్కరణసంఘముల వారిలో నొక్కరైన నొక దుకాణదారు నడిగియున్నారా? వరకట్నమునకు వ్యతిరేకముగా ఉపన్యసించి వచ్చుచు దారిలో చీటీ లేకయే అజిత్రోమైసిను కొనువారిని మేమెరుగుదుము.

మేము గృహస్థుల నడుగునది స్వల్పము. జ్వరము వచ్చిన దినముననే దుకాణమునకు పోకుడు. ఆసుపత్రిలో మీవారికి సిరద్వారా యాంటీబయాటిక్కు ఎక్కింపబోవునపుడు "కల్చరుకు రక్తము తీసినారా?" అని వినయముగా నడుగుడు. తీసినచో మూడవ దినమున "ఫలితమేమి? మందును తగ్గింపవచ్చునా?" అని మరల నడుగుడు. గొట్టము ప్రతిదినము అవసరమేనా అని యడుగుడు. ఎక్కువ దినముల మందు ఎక్కువ మేలనుకొనకుడు: 2024లో వెలువడిన, 3,608 మంది రోగులపై జరిగిన యొక పరిశోధనలో, స్టాఫిలోకోకసు ఆరియసు తప్ప తక్కిన క్రిములవలని రక్తవ్యాధులలో పెక్కింటికి ఏడు దినముల వైద్యము పదునాలుగు దినముల వైద్యమునకు తీసిపోలేదని తేలినది. ఇట్లడిగిన డాక్టరు కోపపడునని కొందరందురు. ఒకరిద్దరు కోపపడుదురు. తక్కినవారికి మన మాట అండయగును. పెద్ద మందు వ్రాయనిచో రోగి పోయి ప్రక్కవీధిలో పడునన్న భయముతోనే వారు వ్రాయుచున్నారు.

ఇక ప్రభుత్వము. వైద్యకళాశాల యున్నచోట సూక్ష్మజీవశాస్త్రశాఖ యుండి తీరవలెను. కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. భద్రాచలమునుండి కొత్తగూడెము నలువది కిలోమీటర్లే. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ అను ఏర్పాటు 2018లో హైదరాబాదున మొదలై 2021లో మన జిల్లాలకు వచ్చినది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో తీసిన రక్తమును వాహనములలో జిల్లా ప్రయోగశాలకు చేర్చుటయే దాని పద్ధతి. చక్కెర చూచుటకు, థైరాయిడు చూచుటకు ప్రయాణము చేయగల రక్తము క్రిమిని చూచుటకు ప్రయాణము చేయలేదా? కల్చరు సీసాలను మంచుపెట్టెలో నుంచరాదు, గది వేడిమిలోనే కొన్ని గంటలలోపల చేర్చవలెను. చేయవలసిన క్రొత్త జాగ్రత్త యింతే. చర్ల, దుమ్ముగూడెము, భద్రాచలములలో సీసాలు, దినమునకు రెండు మారులు వాహనము, ఫలితమును ఫోనులో వైద్యునికి తెలుపు మనిషి యొకడు. ఆ మీదట ఆ ఫలితములను కూర్చి, ఈ ప్రాంతపు రక్తములో ఏ క్రిమి ఏ మందునకు లొంగుచున్నదో యేటేట ఒక పట్టికగా అచ్చువేసి ప్రతి వైద్యునికి పంపవలెను, ఆర్.ఎం.పి.లకుగూడ తెలుగులో పంపవలెనని మా పట్టుదల.

ఈ విషయములను వ్రాసి ఉభయజిల్లాల వైద్యాధికారులకు ఒక విన్నపము సిద్ధపరచియున్నాము. చేవ్రాలు చేయదలచినవారు పత్రికకు వ్రాసినచో ప్రతిని పంపుదుము. చేవ్రాలు చేయకమునుపు ఇంటిలోని డబ్బా నొకసారి తెరచి చూడవలసినదిగా మనవి.